పాత యూనిక్స్ మినీకంప్యూటర్ మీదకి ఫ్రీ సాఫ్ట్‌వేర్ పోర్ట్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాత కంప్యూటర్లను అనుకరించే సిమ్‌హెచ్ ఎమ్యులేటర్‌లో ఒక పీడీపీ-11 (16 బిట్ల మినీకంప్యూటర్) మీద 2.11బీఎస్‌డీ, ఒక వ్యాక్స్ (32 బిట్లది) మీద 4.3బీఎస్‌డీ పెట్టుకున్నారు, రెండూ యూనిక్స్ రకాలే. కొన్ని గ్నూ టూల్స్‌ని వాటి మీద కంపైల్ చేయబోతే, సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో ముందుగా పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టు మొదట్లోనే ఆగిపోతోంది. పైగా మీరు పీడీపీ-11తో మొదలుపెట్టారు.

ఆ వరస మార్చండి. ముందు వ్యాక్స్ మీద నడిపించండి, తర్వాతే పీడీపీ-11కి తీసుకెళ్లండి. నేను ఖాళీ దొరికినప్పుడల్లా ఈ రెండు సిస్టమ్‌ల మీదా ఇదే పని చేస్తుంటాను. చివరికి పీడీపీ-11 మీదే కావలసిన ప్రోగ్రామైనా సరే, వ్యాక్స్ దారిలోనే వెళ్తాను. కారణం కింద చెబుతాను, అసలు విషయం అదే.

కాన్ఫిగర్ సంగతి ముందు తేల్చేద్దాం. దాన్ని నడిపించే ప్రయత్నమే మానేయండి. ఆ స్క్రిప్టులను తయారుచేసే ఆటోకాన్ఫ్ 1991లో మొదలైంది, పాత షెల్‌ల కోసం చాలా ఏళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలింది. 1979 నాటి వీ7 (యూనిక్స్ ఏడో ఎడిషన్) షెల్‌లో ఫంక్షన్లు లేవు కాబట్టి, అది తయారుచేసే స్క్రిప్టుల్లోనూ ఫంక్షన్లు ఉండేవి కావు. ఇప్పుడు ఆ నియమం లేదు. అందుకని లీనక్స్ మీద కాన్ఫిగ్ హెడర్ నమూనా ఫైలు తెరిచి, ఒక్కో లైను చదువుతూ, టార్గెట్ యంత్రంలోని హెడర్లు, మాన్ పేజీలు చూసుకుని చేత్తో నింపేయండి. చాలావాటికి జవాబు "లేదు" అనే వస్తుంది, కాబట్టి పని తొందరగానే అవుతుంది. మేక్‌ఫైలు కూడా చేత్తో రాసుకోవడమే. ప్యాటర్న్ రూల్స్ లాంటి గ్నూ మేక్ సదుపాయాలు అక్కడి మేక్‌కి తెలియవు. చిన్న ప్రోగ్రాముకైతే సీసీ కమాండ్లు వరసగా రాసిన షెల్ స్క్రిప్టు చాలు.

(ఆటోకాన్ఫ్‌కి ముందు, పెర్ల్ సృష్టికర్త లారీ వాల్ ప్రోగ్రాములతో వచ్చిన కాన్ఫిగర్ స్క్రిప్టు వేరే జాతి. అది మనల్ని ప్రశ్నలు అడుగుతుంది, మధ్యలో జోకులు వేస్తుంది, వ్యాక్స్‌ల సొంత ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్ మీద నడిచే యూనైస్ అనే యూనిక్స్ వేషంలో మీరు లేనందుకు అభినందిస్తుంది కూడా. పాత పెర్ల్ తెచ్చుకుంటే చూడండి.)

ఇక వెర్షన్. తాజా టార్‌బాల్ దింపుకోకండి. అదే ప్రోగ్రాము 1980ల చివర్లో, 1990ల మొదట్లో ఎలా ఉండేదో గ్నూ పాత ఆర్కైవ్‌లలో వెతకండి. అప్పటి గ్నూ కోడ్ చాలావరకు ఆన్సీకి (సీ భాష ప్రమాణానికి) ముందరి సీ కంపైలర్లను కూడా దృష్టిలో పెట్టుకుని రాసింది. గ్నూ కంపైలర్ జీసీసీ విషయమే తీసుకుంటే, 2004లో వచ్చిన 3.4తోనే దాన్ని కంపైల్ చేయడానికి ఆన్సీ కంపైలర్ తప్పనిసరి అయింది. అంతకుముందు ఆన్సీకి ముందరి, కెర్నిఘన్-రిచీ తరహా కంపైలర్ సరిపోయేది. 1987లో వచ్చిన మొట్టమొదటి జీసీసీ గురిపెట్టిన యంత్రాల్లో వ్యాక్స్ ఒకటి. కాబట్టి 4.3బీఎస్‌డీ మీద పాత జీసీసీ ఒకటి నిలబెట్టుకుంటే వ్యాక్స్ పని చాలా తేలికవుతుంది. అలాకాకుండా, పాత హార్డ్‌వేర్ మీద కొత్త సాఫ్ట్‌వేర్ నడిస్తే చాలు అనుకుంటే నెట్‌బీఎస్‌డీ వ్యాక్స్ పోర్ట్ పెట్టుకోండి, ఈ తిప్పలేవీ ఉండవు. నాకైతే అందులో మజా లేదు.

వ్యాక్స్ మీద ఎదురయ్యేవి ఎక్కువగా విసుగు పుట్టించే పనులే, కష్టమైనవి కావు. కాన్స్ట్ అనే పదం కంపైలర్‌కి తెలియదు, దాన్ని ఖాళీ మాక్రోగా పెట్టేయాలి. పక్కపక్కన ఉన్న స్ట్రింగులు వాటంతట అవి అతుక్కోవు. పాత ప్రీప్రాసెసర్‌కి ఎలిఫ్ తెలియదు, హ్యాష్ గుర్తు లైను మొదట్లోనే ఉండాలి. స్ట్ర్‌సీహెచ్‌ఆర్ బదులు ఇండెక్స్, మెమ్‌కాపీ బదులు బీకాపీ వాడటం అక్కడి అలవాటు. బీకాపీలో సోర్స్ ముందు, డెస్టినేషన్ తర్వాత వస్తాయని మరచిపోకండి. ఎస్‌ప్రింట్‌ఎఫ్ అక్కడ ఎన్ని అక్షరాలు రాసిందో చెప్పదు, బఫర్ పాయింటర్ తిరిగి ఇస్తుంది. దాని విలువను కూడికల్లో వాడే కోడ్ ఎక్కడుందో వెతకాలి. నల్ పాయింటర్ ఇచ్చి రీఆలక్‌ని పిలిస్తే కొత్త మెమరీ వస్తుందని పాత లైబ్రరీల దగ్గర ఆశించకూడదు.

వ్యాక్స్‌లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి ఫ్లోటింగ్ పాయింట్: ఐఈఈఈ పద్ధతి కాదు, ఇన్ఫినిటీ లేదు, నాన్ ("సంఖ్య కాదు" అనే విలువ) లేదు. డబుల్ కూడా సుమారు 10 పవర్ 38 దగ్గరే ఆగిపోతుంది, 1ఈ300 అని కోడ్‌లో రాసి ఉంటే కుదరదు. రెండోది అడ్రస్ సున్నా. 4.3బీఎస్‌డీలో నల్ పాయింటర్‌ని చదివితే ప్రోగ్రాము చావదు, సున్నా బైటు వస్తుంది, ఖాళీ స్ట్రింగులా కనిపిస్తుంది. అంటే మీ పోర్ట్‌లో నల్ తప్పు ఉన్నా అక్కడ బయటపడదు. వ్యాక్స్ మీద నడుస్తోంది కదా అని దాన్ని సరైన కోడ్ అనుకోవద్దు.

ఇప్పుడు పీడీపీ-11. ఇక్కడ ఇంట్ 16 బిట్లు, లాంగ్ 32 బిట్లు. గ్నూ ప్రాజెక్టు తన కోడింగ్ నియమాల్లోనే ఇంట్ 32 బిట్లకు తగ్గని యంత్రాల గురించే ఆలోచించమని చెప్పేసింది, కాబట్టి ఇక్కడ ఆ కోడ్ నుంచి సాయం ఆశించలేం. చాలామంది 64 కేబీ మెమరీ హద్దు గురించి భయపడతారు. అది కనీసం లింకర్ దగ్గరే తెలిసిపోతుంది. అసలు ప్రమాదం ఏ ఎర్రరూ ఇవ్వకుండా కంపైలయ్యే లైన్లతో.

ఎల్‌సీక్ ఉదాహరణ చూడండి. ఫైలు చివరికి వెళ్లడానికి ఎల్‌సీక్‌కి ఫైలు నంబరు, 0, 2 అని మూడు ఆర్గ్యుమెంట్లు ఇస్తాం. రెండోది లాంగ్. ఆన్సీ సీలో ప్రోటోటైప్ (ఆర్గ్యుమెంట్ల రకాలు ముందే చెప్పే ప్రకటన) ఉంటుంది కాబట్టి ఆ 0ని కంపైలరే లాంగ్‌గా మారుస్తుంది. మనం కోడ్‌ని పాత సీలోకి మార్చినప్పుడు, చేత్తో మార్చినా ఆన్సీ2కేఎన్ఆర్ లాంటి టూల్‌తో మార్చినా, ప్రోటోటైపులు పోతాయి. వాటితోపాటు ఈ మార్పిడీ పోతుంది. వ్యాక్స్‌లో ఇంట్, లాంగ్, పాయింటర్ అన్నీ 32 బిట్లే కాబట్టి తేడా పడదు. పీడీపీ-11లో మాత్రం స్టాక్ మీదకి 16 బిట్ల 0, 16 బిట్ల 2 వెళ్తాయి. ఎల్‌సీక్ ఆ రెంటినీ కలిపి ఒకే లాంగ్‌గా, అంటే ఆఫ్‌సెట్ 2గా చదువుకుంటుంది. మూడో ఆర్గ్యుమెంటు స్థానంలో స్టాక్‌లో ఏది పడి ఉంటే అదే. 0 పక్కన ఎల్ చేరిస్తే సరిపోతుంది, కానీ ఎక్కడ చేర్చాలో ఎవరు చెబుతారు?

ప్రింట్‌ఎఫ్‌లోనూ ఇదే గొడవ. లాంగ్ విలువని మామూలు పర్సెంట్ డీతో ముద్రిస్తే పై సగం మాత్రమే బయటికొస్తుంది. ఫైలు సైజులన్నీ 0 అని కనిపిస్తూ, తర్వాతి విలువలు ఒక స్థానం పక్కకి జరిగి వస్తున్నాయంటే కారణం అదే. ఇంకో వింత ఏమిటంటే, 40000 అనే సంఖ్య 16 బిట్ల ఇంట్‌లో పట్టదు కాబట్టి కంపైలర్ దాన్ని లాంగ్‌గా తీసుకుంటుంది. ఇంట్ ఆశించే ఫంక్షన్‌కి అది ఇస్తే ఒకటి బదులు రెండు పదాలు స్టాక్‌కి ఎక్కుతాయి. 1ని 16 స్థానాలు ఎడమకి జరిపే మాస్కులు కూడా పనికిరావు, అక్కడా లాంగే రాయాలి.

వ్యాక్స్ ముందు అనడానికి కారణం ఇదే. పాత సీలోకి మార్చడం ఒక పని, 16 బిట్లకు సరిచేయడం ఇంకో పని. రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఏ తప్పు దేనివల్ల వచ్చిందో తేలదు. వ్యాక్స్ మీద టెస్టులన్నీ పాసైన కోడ్ పీడీపీ-11 మీద తప్పు జవాబిస్తే, అది దాదాపు ఎప్పుడూ సైజు తప్పే. మీరు వెతకాల్సిన చోటు అంతవరకు తగ్గిపోతుంది.

అలా వెతకడానికి లింట్‌ని (సీ కోడ్‌లో అనుమానపు వాడకాలను పట్టే ప్రోగ్రాము) మించింది లేదు. డీబగ్గర్ కంటే ముందు దాన్నే నమ్ముతాను. రెండు సిస్టమ్‌లలోనూ ఉంటుంది, పీడీపీ-11 మీదే నడపండి. ఫలానా ఫంక్షన్ రెండో ఆర్గ్యుమెంటు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా వాడారని అది చెప్పే ప్రతి లైనూ విలువైనదే. చిల్లర ఫిర్యాదులు కూడా బోలెడు చేస్తుంది, అవి వదిలేయొచ్చు. ప్రింట్‌ఎఫ్ లాంటివాటిని అది పట్టదు. వాటికి లీనక్స్ మీద అసలు కోడ్‌ని జీసీసీ ఫార్మాట్ వార్నింగులతో కంపైల్ చేసి చూసుకోండి.

బైనరీ ఫైళ్లు చదివే ప్రోగ్రామైతే ఇంకో చిక్కు. పీడీపీ-11లో 32 బిట్ల సంఖ్యలో పై పదం ముందు ఉంటుంది, పదం లోపల మాత్రం చిన్న బైటు ముందు. ఇది లిటిల్ ఎండియన్ (చిన్న బైటు ముందు) కాదు, బిగ్ ఎండియన్ (పెద్ద బైటు ముందు) కాదు. ఈ బైట్ల తారుమారు వల్లే యూనిక్స్ అన్న నాలుగు అక్షరాలు పోర్టింగ్‌లో నుక్సీ అయి వచ్చాయని పాత జోకు. యూనియన్లతో చేసే చమత్కారాలన్నీ తీసేసి, ఒక్కో బైటునీ లాంగ్‌గా మార్చి షిఫ్ట్ చేసే కోడ్ రాయండి. క్యారెక్టర్ రెండు యంత్రాల్లోనూ సైన్డ్ కాబట్టి, ముందు ఆక్టల్ 377తో మాస్క్ చేయడం మరవద్దు.

మెమరీ గురించి కొంచెం. లింక్ చేసేటప్పుడు ఐ ఆప్షన్ ఇస్తే కోడ్‌కి 64 కేబీ, డేటాకి విడిగా 64 కేబీ వస్తాయి. 2.11బీఎస్‌డీ నడిచే యంత్రాలన్నిటిలో ఈ వెసులుబాటు ఉంటుంది. కోడ్ అంతకంటే పెద్దదైతే ఓవర్‌లేలుగా (వంతులవారీగా మెమరీలోకి వచ్చే ముక్కలుగా) విడగొట్టవచ్చు. డేటాకి ఆ దారి లేదు, స్టాక్‌తో కలిపి 64 కేబీలోనే సర్దుకోవాలి. అందుకే ఫైలు మొత్తాన్ని మెమరీలోకి లాగి పనిచేసే ప్రోగ్రాముల జోలికి నేను వెళ్లను. పీడీపీ-11కి పోర్టింగ్ మొదలుపెట్టకముందే, వ్యాక్స్ మీద తయారైన ఆబ్జెక్ట్ ఫైళ్లని సైజ్ కమాండ్‌తో కొలిచి డేటా, బీఎస్ఎస్ (మొదటి విలువ ఇవ్వని డేటా) అంకెలు కూడి చూడండి. ఆ మొత్తమే 64 కేబీని బాగా దాటిందంటే వేరే ప్రోగ్రాము ఎంచుకోవడం మంచిది.

ఇంకా వెనక్కి, అసలు వీ7కే వెళ్లాలనిపిస్తే లైసెన్సు భయం లేదు, 2002లో కాల్డెరా పాత యూనిక్స్‌లను బీఎస్‌డీ తరహా లైసెన్సు కింద విడుదల చేసింది. కానీ అక్కడ బయటికి కనిపించే ఫంక్షన్ పేర్లలో మొదటి 7 అక్షరాలే లెక్క, ఫైలు పేర్లు 14 అక్షరాలకు మించవు, రీనేమ్, మేక్‌డైర్ సిస్టమ్ కాల్స్ లేవు. పేర్లు ఢీకొనే చోట్ల మాక్రోలతో కుస్తీ పట్టకుండా, లీనక్స్ మీదే సెడ్ స్క్రిప్టుతో పేర్లు మార్చి పంపడం నా అలవాటు.

ఫైళ్లు అక్కడికి చేర్చడం పెద్ద సమస్య కాదు. పాత వీ7 టార్ ఫార్మాట్‌లో కట్టి, టేప్ ఇమేజ్‌గా సిమ్‌హెచ్‌కి తగిలిస్తే చాలు. జీజిప్ ఉండదు, కంప్రెస్ ఉంటుంది. పీడీపీ-11కి పంపేటప్పుడు 12 బిట్లకు పరిమితం చేసి కంప్రెస్ చేయండి, 16 బిట్లతో చేసినదాన్ని విప్పేంత చోటు అక్కడి ప్రాసెస్‌కి ఉండదు.