పేద దేశాలకు ఖగోళశాస్త్రం వల్ల ఒరిగేదేమిటి?

తిండికే కష్టమైన దేశాలకు టెలిస్కోపులు ఎందుకని అడిగారు. ఘానా సంగతి చూడండి. రాజధాని అక్రా దగ్గర కుంటున్సేలో ఫోన్ కాల్స్ కోసం కట్టిన 32 మీటర్ల డిష్ ఉంది. సముద్రం అడుగున ఫైబర్ కేబుళ్లు వచ్చాక దానికి పని లేకుండా పోయింది. దక్షిణాఫ్రికా సాయంతో దాన్నే రేడియో టెలిస్కోపుగా, అంటే నక్షత్రాల్లాంటి వాటి నుంచి వచ్చే రేడియో తరంగాల్ని పట్టే పరికరంగా మార్చి 2017లో ప్రారంభించారు. అంత బరువైన డిష్‌ను తిప్పే మోటార్లు, అతి బలహీనమైన సిగ్నల్‌ను పట్టే రిసీవర్, కుప్పలుగా వచ్చే డేటాను జల్లెడ పట్టే ప్రోగ్రాములు... ఇవన్నీ నేర్చుకున్న కుర్రాళ్లకు టెలికాంలో, ఉపగ్రహ చిత్రాలతో పంటల్ని అంచనా వేసే పనిలో కూడా చోటుంటుంది. నా దృష్టిలో అసలు లాభం ఇదే.

ఖగోళశాస్త్రాన్ని అభివృద్ధికి వాడటానికే అంతర్జాతీయ ఖగోళ సంఘం 2011లో కేప్‌టౌన్‌లో ప్రత్యేక కార్యాలయం తెరిచింది. అది ప్రతిపాదనలు పిలిచి చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తుంది. మీ ఊరి బడికి పనికొచ్చే మంచి ఆలోచన ఉంటే మీరూ పంపొచ్చు.