ముద్దాయి ఎప్పటిదాకా ముద్దాయి?

సందేహం: జనవరి 30కి మా స్కూల్లో గోడపత్రిక వేస్తున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి 'గాంధీజీని కాల్చి చంపిన ముద్దాయి గోడ్సే అంబాలా జైల్లో ఉరి వేసుకున్నాడు' అని రాసింది. మా సోషల్ మాస్టారు 'ముద్దాయి' కొట్టేసి 'నిందితుడు' అని దిద్దారు. నాకేమో 'దోషి' అనాలనిపిస్తోంది. ఏది సరి?
– ఒక తెలుగు టీచరు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీరన్నదే సరి. మాస్టారు దిద్దినా అర్థం మారలేదు. ముద్దాయి అన్నా నిందితుడన్నా నేరం మోపారు, ఇంకా తేలలేదు అనే.

ఈ 'ముద్దాయి' కథ తమాషాగా ఉంటుంది. అరబ్బీలో పుట్టి ఫార్సీ, ఉర్దూల మీదుగా మన కోర్టు కచేరీలకు చేరిన మాట. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, అంటే వాది. తెలుగులోకి వచ్చేసరికి ఫిర్యాదు చేసినవాడే బోనెక్కాడు! ఇప్పుడు దీన్ని సరిచేస్తామని బయల్దేరితే మహారాణిపేట కోర్టులో గుమాస్తాలే నవ్వుతారు. వాడుకలో స్థిరపడింది, అలాగే ఉండనివ్వండి.

ఇక గోడ్సే సంగతి. 1948 జనవరి 30 సాయంత్రం ఢిల్లీ బిర్లా హౌస్‌లో ప్రార్థనకు వస్తున్న గాంధీజీని పిస్తోలుతో మూడుసార్లు కాల్చాడు. ఎర్రకోటలో ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 1949 ఫిబ్రవరి 10న తీర్పు వచ్చేదాకా అతను ముద్దాయి, ఆ రోజు నుంచి దోషి. కాల్చింది తానేనని కోర్టులో దాచలేదు. అప్పీలు చేసుకున్నది కూడా హత్య గురించి కాదు, కుట్ర ఉందన్న నిర్ణయం మీదే. కాబట్టి మీ గోడపత్రికలో 'హంతకుడు' అని రాసినా తప్పు పట్టేవారుండరు.

ఆ కేసులో మిగతా ముద్దాయిల విషయంలోనే జాగ్రత్త కావాలి. అదే తీర్పులో సావర్కర్ నిర్దోషిగా బయటపడ్డారు. ఆయన్ని 'ఆ కేసులో విచారణ ఎదుర్కొన్నారు' అనవచ్చు, దోషి అనకూడదు. శంకర్ కిష్టయ్య, డాక్టర్ పర్చురేలకు ఫిబ్రవరిలో యావజ్జీవ శిక్ష పడింది, జూన్‌లో హైకోర్టు కొట్టేసింది. అంటే నాలుగు నెలలు దోషులు, ఆ తర్వాత కారు. బడ్గే అప్రూవర్‌గా, అంటే నేరం ఒప్పుకుని ప్రభుత్వం తరఫు సాక్షిగా, మారాడు కాబట్టి అతనికి శిక్షే లేదు. ఒక్క కేసులో ఇన్ని రకాలు! మనవాళ్లు మాత్రం జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర 'దోషులను కఠినంగా శిక్షించాలి' అని బ్యానరు కడతారు, కేసు ఇంకా కోర్టు గడప తొక్కకముందే. 'నిందితులను' అంటే నినాదంలో ఊపు రాదనేమో.

మీరు అడగలేదు గానీ, అసలు దిద్దాల్సింది 'ఉరి వేసుకున్నాడు' అన్నది. 'కొను' చేరితే తన పని తనకే తగులుతుంది: తల దువ్వుకున్నాడు, చెయ్యి కోసుకున్నాడు. ఉరి వేసుకోవడమంటే ఆత్మహత్యే. శిక్ష అమలు చేస్తే 'ఉరి తీశారు' అనాలి. 1949 నవంబర్ 15న గోడ్సేతో పాటు అదే కేసులో దోషిగా తేలిన నారాయణ్ ఆప్టేని కూడా ఉరి తీశారు. చోటుంటే ఆ పేరూ చేర్పించండి.