తుఫాను రోజుల్లో ఓర్లాండో వస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, అత్త దీవెనలు.

నిన్న ఫోన్లో నువ్వన్న మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. "సెప్టెంబర్ చివర్లో వస్తున్నాం అత్తా, ఆ టైమ్‌లో తుఫాను తగిలినా ఫర్వాలేదు, డిస్నీ హోటల్లో హరికేన్ రాత్రి అని వీడియో పెడితే వ్యూస్ బాగా వస్తాయి" అన్నావు. వెనకాల మీ అమ్మ, అదే మా వదిన, నవ్వడం కూడా వినపడింది. అప్పటికి ఏదో ఒకటి అని ఫోన్ పెట్టేశాను కానీ, కుదురుగా చెప్పాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. కోడలికి కూడా చదివి వినిపించు.

మేం ఓర్లాండో వచ్చిన 2004లోనే ఆరు వారాల్లో మూడు హరికేన్లు మా మీదుగా పోయాయి. చార్లీ, ఫ్రాన్సెస్, జీన్. ఆ తర్వాత డిస్నీ పార్కుల దగ్గర ఒక హోటల్లో ఫ్రంట్ డెస్క్ ఉద్యోగంలో చేరాను. ఇర్మా, ఇయాన్, మిల్టన్ హరికేన్లు వచ్చిన రాత్రులు ఇంట్లో లేను, హోటల్లోనే ఉన్నాను. ఇక్కడ దాన్ని రైడ్-అవుట్ టీమ్ అంటారు. గాలి మొదలవకముందే బ్యాగు సర్దుకుని వచ్చి, అది పోయేదాకా అక్కడే తిని, అక్కడే పడుకుని, గెస్టుల్ని చూసుకునే సిబ్బంది. నీ వీడియోలో నవ్వుతూ కాఫీ పోసే అమ్మాయి తన పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చి ఉంటుందని గుర్తుపెట్టుకో.

ముందుగా ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఓర్లాండో సముద్రం ఒడ్డున లేదు. పశ్చిమ తీరంలోని టాంపా నుంచి దాదాపు 85 మైళ్లు లోపలికి ఉంటుంది. ఇక్కడికి ఉప్పెన రాదు. మీ నాన్న, నేను 1977 నవంబర్ 19 రాత్రి, దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు, అవనిగడ్డలో ఉన్నాం. సాయంత్రం నుంచి గాలి హోరు. పెంకులు లేచిపోతుంటే మా నాన్న మమ్మల్ని లాక్కుని మేడ ఉన్న ఇంటికి పరుగెత్తాడు. అందరం గాలికే భయపడ్డాం. ప్రాణాలు తీసింది మాత్రం నీళ్లు. మా ఊరు సముద్రానికి కాస్త ఎడంగా ఉండబట్టి మేం మిగిలాం. పాలకాయతిప్ప, సొర్లగొంది వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. తెల్లారాక మీ నాన్న, నేను మేడ మీద నుంచి చూసినవి ఇప్పటికీ ఒకరితో ఒకరం మాట్లాడుకోం.

ఫ్లోరిడా తీరంలోనూ అదే లెక్క. కేటగిరీ 3, కేటగిరీ 5 అని టీవీలో చెప్పే అంకె గాలి వేగానిదే. నీళ్ల సంగతి ఆ అంకెలో ఉండదు. మిల్టన్ 2024 అక్టోబర్ 7న మెక్సికో గల్ఫ్ సముద్రంలో గంటకు 180 మైళ్ల గాలితో కేటగిరీ 5 అయింది. 9వ తేదీ రాత్రి సరసోటా పక్కన సియెస్టా కీ దగ్గర తీరం దాటేసరికి కేటగిరీ 3. "తగ్గిపోయిందట" అని లాబీలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఆ పూట పగలే అటు అట్లాంటిక్ వైపు సెయింట్ లూసీ కౌంటీలో టోర్నడోలు పడి, ఒకే కాలనీలో ఆరుగురు పోయారు. తుఫాను కన్ను ఇంకా గల్ఫ్ సముద్రంలోనే ఉంది.

ఇప్పుడు నీ వీడియో సంగతికి వస్తాను. పార్కు హోటళ్లు గట్టిగా కట్టినవి, జనరేటర్లు ఉంటాయి, పిల్లల కోసం మిక్కీనో గూఫీనో లాబీలోకి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అక్కడ కూర్చుని నువ్వు "చూశారా ఫ్రెండ్స్, ఏమీ లేదు, అంతా కూల్" అని లైవ్ పెడతావు. ఆ లైవ్‌ని టాంపాలోనో ఫోర్ట్ మయర్స్‌లోనో నీటి పక్క ఇంట్లో ఉన్న తెలుగు కుటుంబం చూస్తుంది. ఖాళీ చేసి వెళ్లాలా వద్దా అని అప్పటికే ఊగిసలాడుతున్నవాళ్లు. ఓర్లాండోలోనే ఏమీ లేదట కదా అనుకుని ఉండిపోతే? నువ్వు అబద్ధం చెప్పలేదు. నీ కిటికీలోంచి కనిపించింది అంతే. కానీ వాళ్ల కిటికీ వేరు. నీకు లక్షమంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారంటే, లక్షమందికి నీ మాట మీద గురి ఉందని. నాకు నిద్ర పట్టనిది దీనికే.

కాబట్టి వీడియో తీయొద్దని అనను. తీస్తే ప్రతిసారీ ఎక్కడ ఉన్నావో, తీరానికి ఎంత దూరమో, టైమ్ ఎంతో నోటితో చెప్పు. నేషనల్ హరికేన్ సెంటర్ బులెటిన్ ఎన్ని గంటలదో చూసి చెప్పు. ఇంకా మంచి పని ఒకటుంది. ఇక్కడ తీరప్రాంతపు కౌంటీలు ఇళ్లను ఎ, బి, సి అని జోన్లుగా విడగొట్టి, ఏ జోన్ ఎప్పుడు ఖాళీ చేయాలో చెబుతాయి. పిల్లల దగ్గరికి విజిట్ మీద వచ్చిన మన అమ్మానాన్నలకు ఆ ఇంగ్లిష్ అలర్టులు అర్థం కావు. పిల్లలు ఆఫీసులో ఉంటే ఫోన్ కీచుమని మోగినప్పుడు ఏం చేయాలో తెలియక కంగారు పడతారు. జోన్ ఎలా చూసుకోవాలి, వాచ్ అంటే ఏమిటి, వార్నింగ్ అంటే ఏమిటి అని తెలుగులో పది నిమిషాలు చెప్పు. హరికేన్ వాచ్ అంటే తుఫాను గాలులు మొదలవడానికి 48 గంటల ముందు ఇచ్చేది, వార్నింగ్ 36 గంటల ముందు ఇచ్చేది. ఈ ఒక్క ముక్క తెలిసినా ఎంతమందికి మేలో.

థంబ్‌నెయిల్ జాగ్రత్త. మిల్టన్ పోయాక సిండ్రెల్లా కోట నీళ్లలో మునిగినట్టు ఏఐతో చేసిన ఫొటోలు ఫోన్లలో తెగ తిరిగాయి. అవన్నీ బూటకం, పార్కులు 11వ తేదీకల్లా తెరిచారు. అలాంటి బొమ్మ చూసి గుంటూరు నుంచి మా చిన్నాన్న అర్ధరాత్రి ఏడుస్తూ ఫోన్ చేశాడు. ఆయన వయసు ఎనభై దాటింది.

ఇక ప్రయాణం. మీరు డల్లాస్‌లో ఉండగానే ఫ్లోరిడా వైపు తుఫాను తిరిగిందని తెలిస్తే రావద్దు. ఇందులో నాతో వాదించకు. ఓర్లాండోకి గానీ మీ ఊరికి గానీ హరికేన్ వార్నింగ్ ఇస్తే, వార్నింగ్ తర్వాత ఏడు రోజుల్లోపు రావాల్సిన బుకింగ్‌ని డిస్నీ హోటళ్లలో పెనాల్టీ లేకుండా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. బయట వెబ్‌సైట్లలో బుక్ చేస్తే వాళ్ల రూల్ వాళ్లది, ఇప్పుడే చదువుకో. ఎయిర్‌లైన్స్ కూడా సాధారణంగా టికెట్లు ఉచితంగా మార్చుకోనిస్తాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటట్టైతే ఈ వారంలోనే తీసుకో. తుఫానుకు పేరు పెట్టాక కొంటే మామూలుగా ఆ తుఫానుకు డబ్బు రాదు.

వచ్చేశాక తుఫాను పుడితే ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. గెస్టులు చేసే తప్పు ప్రతిసారీ ఒకటే. పార్కు మూసేస్తున్నామని చెప్పేదాకా కాచుకుంటారు. మిల్టన్ అప్పుడు అక్టోబర్ 9న పార్కులు మధ్యాహ్నం ఒంటి గంట, రెండు గంటలకు మూశారు. విమానాశ్రయం ఆ పొద్దున్న ఎనిమిదింటికే విమానాలు ఆపేసింది. పొద్దున మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రైడ్లు ఎక్కి, మధ్యాహ్నం నా కౌంటర్ దగ్గరకొచ్చి "ఇప్పుడు ఫ్లైట్ ఏముంది?" అని అడిగినవాళ్లు ఎంతమందో. నా దగ్గర జవాబు లేదు. కారులో పోదామంటే అప్పటికే చాలా బంకుల్లో పెట్రోలు లేదు. అందుకే నువ్వు పార్కు వైపు చూడకు, విమానాశ్రయం వైపు చూడు. తీరం దాటుతుందని చెప్పిన రోజుకి మూడు రోజుల ముందే పోవాలో ఉండాలో తేల్చుకో.

టీవీ మ్యాపులో తుఫాను దారి మీద గరాటులా గీసి చూపించే ఆ కోన్‌ని నమ్ముకుని "మనం గీత బయట ఉన్నాం" అనుకోవద్దు. తుఫాను కన్ను ఎటు పోవచ్చో మాత్రమే అది చూపిస్తుంది. మూడింట రెండుసార్లు అందులో ఉంటుంది, మూడోసారి ఉండకపోవచ్చు. గాలీ వానా దానికి ఎంతో అవతల కూడా పడతాయి. 2004లో చార్లీ టాంపాకి అన్నారు, పుంటా గోర్డా దగ్గర తిరిగి, ఆ రాత్రికే మా ఇంటి మీదుంది. మాకు నాలుగు రోజులు కరెంటు లేదు.

పోవడానికి వీలుంటే పొమ్మనే చెబుతాను, ఇంకో కారణం కూడా ఉంది. తీరం నుంచి ఖాళీ చేసిన వాళ్లు ఓర్లాండో హోటళ్లకే వస్తారు. ముసలివాళ్లు, పసిపిల్లలు, కుక్కలు, పిల్లులు, కారు నిండా సామాన్లు. సెలవు మీద వచ్చినవాళ్లు ఒక గది వదిలితే వాళ్లకు ఒక గది దొరుకుతుంది.

వాళ్ల గురించే ఒకటి చెప్పాలి. మిల్టన్ రాకముందు రోజు సాయంత్రం లాబీలో ఒక పెద్దావిడ కూర్చుంది, డెబ్బై అయిదు పైనే ఉంటాయి. ఒళ్లో పిల్లి బుట్ట, కాళ్ల దగ్గర ఒక చెత్త సంచీలో బట్టలు. గది సిద్ధం కాలేదు. రెండు వారాల క్రితం హెలీన్ హరికేన్ తెచ్చిన నీళ్లకి ఆవిడ ఇంట్లో మోకాలి లోతు చేరిందట, తడిసిన గోడలు ఇంకా ఆరలేదు. ఇంతలో ఒక కుర్రాడు కర్రకు ఫోన్ తగిలించుకుని, లైటు వేసి, ఆవిడ మొహం దగ్గర పెట్టి "మీకిప్పుడు ఎలా అనిపిస్తోంది?" అని అడిగాడు. ఆవిడ ఏమీ అనలేదు. పిల్లి బుట్ట మీద కప్పిన తువ్వాలు తీసి తన మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను కౌంటర్ దాటి వెళ్లి మధ్యలో నిలబడ్డాను. ఆ చేయి వణకడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నువ్వు అలాంటి పిల్లాడివి కాదు. అయినా చెబుతున్నాను, అడగకుండా ఎవరి మొహం మీదా కెమెరా పెట్టకు, అడిగి కాదంటే రెండోసారి అడగకు. పనిలో ఉన్నవాళ్లను అసలే వద్దు.

ఉండిపోవాల్సి వస్తే ఇలా చెయ్యి. వదిన మందులు పది రోజులకు సరిపడా చేతి బ్యాగులో పెట్టాలి, సూట్‌కేసులో కాదు. ఇన్సులిన్‌కి ఐస్ ప్యాక్ ఉన్న చిన్న సంచీ కొనుక్కో, కరెంటు పోతే గదిలో ఫ్రిజ్ పనిచేయదు. హోటల్లో ఆ రోజు డబ్బా భోజనాలు పెడతారు. బ్రెడ్డు, చిప్స్, ఒక ఆపిల్, చాలావాటిలో మాంసం ముక్క ఉంటుంది. అటుకులు, మరమరాలు, వేరుశనగ ఉండలు, పాపకు పాలపొడి ముందే తెచ్చుకోండి. కోడల్ని చింతపండు పులిహోర కలిపి పెట్టుకోమను, ఒకటిన్నర రోజు నిలవ ఉంటుంది. ఫోన్లు, పవర్ బ్యాంకులు పొద్దున్నే నింపండి. బాత్‌టబ్‌లో నీళ్లు పట్టండి. కాస్త నగదు, పాస్‌పోర్టుల కాపీలు జిప్ కవర్లో. కారు ట్యాంకు సగానికి తగ్గనివ్వద్దు. వదినకు మోకాళ్ల నొప్పులు కదా, రెండో అంతస్తు గది అడుగు. లిఫ్టులు ఆపేస్తే ఎనిమిది అంతస్తులు దిగలేదు.

రాత్రి కర్టెన్లు మూసి, మంచాలు కిటికీకి దూరంగా జరపండి. టోర్నడో వార్నింగ్ మోగితే పాపను దుప్పటిలో చుట్టి అందరూ బాత్రూమ్‌లోకి వెళ్లండి. షూటింగ్ కోసం బాల్కనీ తలుపు తీయకు. ఇయాన్ రాత్రి ఒక గెస్టు తీశాడు, ఆ తలుపు మళ్లీ వేయడానికి ముగ్గురం నెట్టాల్సి వచ్చింది. మధ్యలో గాలి ఆగితే అయిపోయిందనుకుని బయటికి రావద్దు, కన్ను మీద నుంచి పోతూ ఉండొచ్చు.

తెల్లారాక ఎండ కాస్తుంది, చెట్లు పడి ఉంటాయి, చేతులు దురద పెడతాయి నీకు. డ్రోన్ పెట్టెలోనే ఉంచు. డిస్నీ మీద అయితే ఏ రోజూ ఎగరనివ్వరు. రోడ్డు మీద నీళ్లుంటే కారు పోనివ్వకు, అడుగు లోతు చాలు చిన్న కారు తేలిపోవడానికి. ఇయాన్ తర్వాత ఓర్లాండో పక్కనే ఉన్న ఓర్లో విస్టాలో ఇళ్లలోంచి జనాన్ని పడవల్లో తీసుకొచ్చారు. సముద్రం లేని ఊరు కదా అనుకున్నచోటే. పార్కు తెరిచిన మొదటి రోజు కొన్ని రైడ్లు నడవవు, క్యూలు పొడుగ్గా ఉంటాయి. విసుక్కోవద్దు, అక్కడ టికెట్ చూసే మనిషికి ఇంటి పైకప్పు ఉందో లేదో మనకి తెలియదు. గది శుభ్రం చేసే ఆవిడకు చేతిలో ఒక ఇరవై పెట్టి రా.

హోటల్ ఏమైనా అయితే మా ఇల్లు ఉంది. కిటికీలకు షట్టర్లు ఉన్నాయి, గ్యాస్ పొయ్యి ఉంది. వదినను, పాపను నా దగ్గర దింపు.

ఆదివారం లోపు మూడు పంపు: వదిన మందుల చీటీ ఫొటో, హోటల్ బుకింగ్ కాగితం, పాప తాగే పాలపొడి పేరు. తుఫాను పేరు టీవీలో వినపడితే ఇక్కడ ముందు ఖాళీ అయ్యే అర అదే, రెండు డబ్బాలు కొని పెడతాను.

మీ అత్త