అమ్మతో లిస్బన్‌లో మూడు రోజులు

ప్రశ్న: అమ్మకి అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. లిస్బన్‌లో మూడు రోజులుంటాం. ఏం చూపించమంటారు?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు చెప్పుల సంగతి చూడండి. ఊరంతా కొండలే, కాలిబాటలకి నున్నటి తెల్లరాళ్లు. వాన పడితే మా అత్తగారు నా చెయ్యి వదల్లేదు. పట్టున్న బూట్లు కొనండి.

28వ నంబరు ట్రామ్ పొద్దున్నే, మార్టిమ్ మొనీజ్‌లో మొదటి స్టాప్‌లోనే ఎక్కండి. అమ్మకి సీటు దొరుకుతుంది. పోర్టాస్ దో సోల్ దగ్గర దిగితే అల్ఫామా అనే పాత పేటలోని ఎర్రపెంకుల ఇళ్లు, వాటి వెనక టేగస్ నది కనిపిస్తాయి.

కార్మో మఠం మాత్రం వదలకండి. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండగ నాడు, భూకంపం వచ్చి కప్పు కూలింది. మధ్యభాగానికి మళ్లీ కప్పు వెయ్యలేదు. రాతి కమానుల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తుంది. మా అత్తగారు అక్కడ చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు.

ఊళ్లోనే పడమటి వైపున్న బెలేమ్ పేటకి ఒక రోజు కేటాయించండి, సోమవారం వద్దు, ఆ రోజు జెరోనిమోస్ మఠం మూసేస్తారు. 1498లో కాలికట్ చేరిన వాస్కోడగామా సమాధి అక్కడి చర్చిలోనే. దానిమీద చెక్కిన తాళ్లు, ఓడ అమ్మకి దగ్గరగా చూపించండి.

పక్కనే 1837 నుంచి నడుస్తున్న బేకరీలో పాస్టెల్ అనే చిన్న తీపి టార్ట్ వేడిగా తినాలి. పైన మచ్చలుగా మాడిన మీగడ, కింద కరకరలాడే పొరలు, దాల్చినచెక్క పొడి. అందులో గుడ్డు ఉంటుంది, అమ్మ తింటారో లేదో ముందే అడగండి.