వైజాగ్‌లో కారుకి 12 ఇంచుల సబ్‌వూఫర్ ఒక్కటి పెట్టిస్తే సరిపోతుందా?

స్విఫ్ట్‌లో కంపెనీ స్పీకర్లు చప్పగా ఉన్నాయి, బడ్జెట్ ముప్పై వేలు, "1200 వాట్ల 12 ఇంచుల సబ్ పెట్టించండి, ఇంకేం అక్కర్లేదు" అని షాపులో చెప్పారు, నిజమేనా అని అడిగారు. నన్నడిగితే ఆ డబ్బులో సగం ముందు తలుపుల్లోని స్పీకర్ల మీద పెట్టండి. సబ్ ఆ తర్వాత చూద్దురు గాని. అది కూడా 12 ఇంచులది వద్దు.

సబ్‌వూఫర్‌కి అప్పజెప్పేది దాదాపు 80 హెర్ట్జ్ కంటే కిందున్న శబ్దం, అంటే లోతైన బేస్ మాత్రమే. పాడేవాళ్ల గొంతు, వేణువు, వయొలిన్, డప్పు మీద పుల్ల దెబ్బ, ఇవన్నీ తలుపుల్లోంచే రావాలి. మా బావమరిది ఇలాగే తలుపులు ముట్టుకోకుండా డిక్కీలో పెద్ద సబ్ పెట్టించాడు. గాజువాక నుంచి మధురవాడ దాకా ఆ కారులో వచ్చాను. నంబర్ ప్లేటు గజగజలాడుతోంది కానీ పాటలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వాడికి మాత్రం అదే ఇష్టం, ఆ సంగతి వేరు.

ఇక వాట్లు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది పీక్ పవర్, క్షణంసేపు తట్టుకునే లెక్క. మీరు చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా మోగగలిగే పవర్. యాంప్లిఫయర్ (యాంప్, అంటే స్పీకర్లకి పవర్ పెంచి ఇచ్చే పెట్టె) మీద సీటీఏ-2006 అని ఉంటే ఆ వాట్లు ఒక పద్ధతి ప్రకారం కొలిచినవని అర్థం. స్టీరియో మీద "50 వాట్లు x 4" అని ఉన్నా, ఒక్కో స్పీకర్‌కి నిలకడగా అందేది 15 నుంచి 20 వాట్లే. అందుకని యాంప్ లేకుండా నడపాలనుకుంటే సెన్సిటివిటీ చూడండి, అంటే అదే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే డెసిబెల్స్ అంకె. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. అంటే 89 డెసిబెల్స్ స్పీకర్ 40 వాట్లు తిని చేసే పని, 92 డెసిబెల్స్‌ది 20 వాట్లతో చేసేస్తుంది. షాపులో ఈ అంకె ఎవరూ చెప్పరు, పెట్టె వెనక మీరే చదువుకోవాలి.

ముందు తలుపులకి 6.5 ఇంచుల కాంపోనెంట్ సెట్ తీసుకోండి. అందులో ట్వీటర్, అంటే సన్నటి శబ్దాలకి ఉండే చిన్న స్పీకర్, విడిగా వస్తుంది, దాన్ని అద్దం మూలలో పైకి బిగిస్తే పాట మోకాళ్ల దగ్గర కాకుండా ఎదురుగా వినిపిస్తుంది. కొనేముందు స్పీకర్ లోతు కొలిపించండి, కిటికీ అద్దం దించితే అయస్కాంతానికి తగలకూడదు. వెనక తలుపులకి కొత్తవి అక్కర్లేదు.

స్పీకర్ల కన్నా ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం డ్యాంపింగ్, అంటే తలుపు రేకుకి షీట్లు అతికించడం. తలుపు లోపలి రేకుకి పెద్ద పెద్ద కన్నాలుంటాయి. స్పీకర్ ముందు నుంచి వచ్చే శబ్దాన్ని వెనక నుంచి వచ్చేది ఆ కన్నాల్లోంచి వచ్చి చంపేస్తుంది, బేస్ పోయేది అక్కడే. బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీట్లు అతికించి ఆ కన్నాలు మూయిస్తే అవే స్పీకర్లు వేరేవాటిలా మోగుతాయి. నా కారులో ఇది అయ్యాక, సబ్ ఇప్పుడే అక్కర్లేదేమో అనిపించి కొన్నాళ్లు అలాగే నడిపాను. ఒక జాగ్రత్త: తలుపు అడుగున నీళ్లు పోయే సన్నటి చీలికలుంటాయి, వాటిని మూయనివ్వకండి. మన వానలకి అద్దం పక్కనుంచి నీళ్లు తలుపులోకి దిగుతూనే ఉంటాయి. అవి లోపలే నిలిచిపోతే రేకూ పోతుంది, స్పీకరూ పోతుంది.

హైదరాబాద్ వాళ్ల వీడియోలు చూసి కొనేవాళ్లకి మన ఉప్పుగాలి సంగతి తట్టదు. బీచ్ రోడ్డు వైపు, లాసన్స్ బే, భీమిలి ప్రాంతాల్లో కారు బయట పెట్టుకునేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే భాగం కోన్. కోటింగ్ లేని పేపర్ కోన్ తేమ పీల్చుకుంటుంది, పాలీప్రొపిలీన్‌ది మేలు. కోన్ చుట్టూ ఉండే అంచు రబ్బరుదై ఉండాలి, ఫోమ్ అయితే పొడిపొడిగా రాలిపోతుంది. రేకు ఫ్రేమ్ కంటే అల్యూమినియం పోత ఫ్రేమ్ మంచిది. వైరు కూడా అసలు రాగిదే అడగండి. చవక కిట్లలో రాగి పూసిన అల్యూమినియం తీగ ఇస్తారు. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది, అది వద్దనండి. అసలు రాగికైనా కొసలు వదులుగా ఉంటే చిలుము పడుతుంది కాబట్టి లగ్గులు (వైరు కొసకి తొడిగే లోహపు ముక్కలు) గట్టిగా నొక్కించి స్లీవ్ వేయించండి.

ఇప్పుడు సబ్. 2018 తర్వాత వచ్చిన స్విఫ్ట్‌లో డిక్కీయే దాదాపు 265 లీటర్లు, 12 ఇంచుల పోర్టెడ్ బాక్స్ (గాలి పోయే రంధ్రం ఉన్న పెట్టె) పెడితే ఇక సూట్‌కేసు ఒళ్లో పెట్టుకోవాలి. 10 ఇంచులది చిన్న సీల్డ్ బాక్స్‌లో, అంటే అన్ని వైపులా మూసేసిన పెట్టెలో తీసుకోండి. పోర్టెడ్‌ది మోత ఎక్కువ, కానీ దెబ్బ తర్వాత కాస్త సాగుతుంది. డోలు, మృదంగం దెబ్బ తెగినట్టు వినాలంటే సీల్డే. డిక్కీ అసలు పోకూడదంటే సీటు కింద పెట్టే యాక్టివ్ సబ్ (యాంప్ లోపలే ఉండేది) ఉంది, అది మరీ లోతుకి దిగదు కానీ ఇంటిల్లిపాదీ వెళ్లే కారుకి చాలు.

డబ్బు కలిసొచ్చే ఉపాయం: నాలుగు ఛానళ్ల యాంప్ ఒక్కటి కొనండి. రెండు ఛానళ్లు ముందు తలుపులకి, మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒక్కటిగా కలిపి సబ్‌కి. సబ్ ఈ నెల కుదరకపోతే ఆ రెండూ ఖాళీగా ఉంచినా నష్టం లేదు. అయితే చాలా యాంప్‌లు బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్‌ల కంటే తక్కువ లోడ్ ఒప్పుకోవు (ఓమ్‌లంటే కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు). సింగిల్ కాయిల్ (లోపల ఒకే తీగచుట్ట ఉన్న) 4 ఓమ్‌ల సబ్ అడగండి. డ్యూయల్ 4 ఓమ్‌లది ఇచ్చి రెండు కాయిల్స్ సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లవుతుంది, యాంప్ కాలిపోయేంత వేడెక్కి ఆగిపోతుంది.

బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే ఫ్యూజ్ ఉండాలి, దీనికి మాత్రం మొహమాటపడొద్దు. వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుపోతే మంటలు రాకుండా ఆపేది అదే. పవర్ వైరు ఒక పక్క, ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి యాంప్‌కి పాట తీసుకెళ్లేవి) ఇంకో పక్క లాగించండి. ఎర్త్ బిగించే చోట పెయింటు గీకించండి. యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో సన్నగా ఈల వస్తే ముందు ఆ ఎర్తే చూడాలి. కంపెనీ వైర్లు కోయకుండా కప్లర్లతో చేయమనండి, రేపు వారంటీ దగ్గర గొడవ ఉండదు.

షాపులో బోర్డు మీద మోగించి చూపించేది నమ్మొద్దు, ఆ చెక్క మీ తలుపు కాదు. ఫిట్టింగ్ అయ్యాక రుషికొండ దాటి భీమిలి వైపు ఓసారి వెళ్లి వినండి. బండి వేగంలో టైర్ల రొద బేస్‌ని మింగేస్తుంది కాబట్టి నిలబెట్టి చేసిన సెట్టింగ్ రోడ్డు మీద పలచబడుతుంది. తలుపులకి 80 హెర్ట్జ్ హైపాస్ (దానికి పైవే పంపేది), సబ్‌కి అదే దగ్గర లోపాస్ (కిందవే పంపేది) పెట్టి, సబ్ కదలికని తిరగేసే ఫేజ్ స్విచ్ 0, 180 రెండూ మార్చి చూసి, బేస్ నిండుగా వినిపించిన వైపు ఉంచేయండి.

మీ స్టీరియో కంపెనీదేనా, మార్చారా? వెనక ఆర్‌సీఏ ప్రీ-అవుట్‌లు (ఆ వైర్లు గుచ్చే సాకెట్లు) లేకపోతే హై-లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంపే, అంటే స్పీకర్ వైర్ల నుంచే పాట తీసుకోగలిగేదే తీసుకోవాలి. అది చెబితే మోడళ్ల గురించి మాట్లాడుకోవచ్చు.