ఫోర్స్ రీఇన్‌స్టాల్ చేసినా పాత ఎర్రరే ఎందుకు?

ప్రశ్న: ఉబుంటులో పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకొని పరిశోధనకు కావలసిన లెక్కలు చేస్తున్నాను. నేను వాడే ఒక సి ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీకి పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐలో వీల్ (ముందే కంపైల్ చేసి ఉంచిన ఫైలు) లేదు, సోర్స్ మాత్రమే దొరుకుతుంది. లెక్కల లైబ్రరీ నంపైని 1.26 నుంచి 2.0కు మార్చినప్పటి నుంచి ఆ ప్యాకేజీని ఇంపోర్ట్ చేయగానే, డీటైప్ (నంపైలో డేటా రకాన్ని తెలిపే నిర్మాణం) సైజు 96 ఉండాల్సింది 88 ఉందంటూ ఎర్రర్ వస్తోంది. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌కు ఫోర్స్ రీఇన్‌స్టాల్ ఆప్షన్ ఇస్తే క్షణాల్లో పని ముగిసింది గాని ఎర్రర్ పోలేదు. మళ్లీ కంపైల్ చేయించడం ఎలా?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: సి కోడ్ ఉన్న ప్యాకేజీ క్షణాల్లో ఇన్‌స్టాల్ అయిందంటే కంపైలేషన్ అసలు జరగలేదేమోనని అనుమానించాలి. ఫోర్స్ రీఇన్‌స్టాల్ ఉన్న ప్యాకేజీని తీసేసి తిరిగి పెడుతుందే తప్ప, తిరిగి కంపైల్ చేయమని పిప్‌కు చెప్పదు. మీరు మొదటిసారి ఇన్‌స్టాల్ చేసిన రోజున పిప్ సోర్స్‌ను కంపైల్ చేసి, తయారైన వీల్‌ను తన క్యాష్‌లో దాచుకుంది. ఆ వీల్ ఫైలు పేరులో ప్యాకేజీ వర్షన్, పైథాన్ వర్షన్, ప్లాట్‌ఫామ్ ఉంటాయి గాని, ఏ నంపైతో కంపైల్ అయిందన్న సంగతి ఉండదు. అందువల్ల మీరు నంపైని మార్చినా పిప్ దృష్టిలో అది ఇంకా పనికొచ్చే వీల్ ఫైలే. 2024 జూన్‌లో విడుదలైన నంపై 2.0లో బైనరీ ఇంటర్‌ఫేస్ (కంపైలైన కోడ్ నంపైతో కలిసే పద్ధతి) మారింది కనుక, పాత నంపై హెడర్లతో (కంపైలర్ చదివే సి ఫైళ్లతో) కంపైలైన కోడ్ 96 బైట్ల కోసం చూసి, 88 మాత్రమే కనిపించడంతో ఆగిపోతోంది.

ముందుగా ‘పిప్ క్యాష్ రిమూవ్’ అని ప్యాకేజీ పేరు ఇచ్చి ఆ పాత వీల్‌ను తొలగించండి. తరువాత ఇన్‌స్టాల్ కమాండ్‌లో ఫోర్స్ రీఇన్‌స్టాల్‌తో పాటు ‘నో డెప్స్’ ఆప్షన్‌నూ చేర్చండి. లేకుంటే నంపైతో సహా డిపెండెన్సీలన్నీ (ఆ ప్యాకేజీ ఆధారపడే ప్యాకేజీలన్నీ) మళ్లీ ఇన్‌స్టాలై, వాటి వర్షన్లు కూడా మారిపోవచ్చు. ఇటువంటి సందర్భాల్లో ‘నో బైనరీ’ వాడమని చాలామంది సలహా ఇస్తారు. పిప్ 23.1 నుంచి ఆ ఆప్షన్‌కు వీల్‌ను డౌన్‌లోడ్ చేయవద్దన్నంత వరకే అర్థం. మీ మెషీన్‌లోనే తయారై క్యాష్‌లో ఉన్న వీల్‌ను అది అడ్డుకోదు. తెరమీద ‘బిల్డింగ్ వీల్ ఫర్’ అని మొదలయ్యే వరుస కనిపిస్తేనే కంపైలేషన్ నిజంగా జరుగుతున్నట్లు.

ఇంత చేసినా అదే ఎర్రర్ వస్తే, ప్యాకేజీ సోర్స్‌లోని పైప్రాజెక్ట్ టామల్ ఫైలు తెరిచి బిల్డ్ సిస్టమ్ విభాగం చూడండి. పిప్ మీ ఎన్విరాన్‌మెంట్‌లోని నంపైని వాడకుండా, ఆ విభాగంలో అడిగినవాటితో ఒక తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్‌ను సృష్టించి అందులో కంపైల్ చేస్తుంది. అక్కడ నంపై 2 కంటే తక్కువ ఉండాలని గాని, ‘ఓల్డెస్ట్ సపోర్టెడ్ నంపై’ అని గాని రాసి ఉంటే ఎన్నిసార్లు కంపైల్ చేసినా పాత హెడర్లే వస్తాయి. అప్పుడు సెటప్‌టూల్స్, సైథాన్ వంటి బిల్డ్ పరికరాలను ముందే మీ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసుకొని, క్యాష్‌లో చేరిన వీల్‌ను మళ్లీ తొలగించి, ఇన్‌స్టాల్ కమాండ్‌కు ‘నో బిల్డ్ ఐసొలేషన్’ ఆప్షన్‌ను జోడించాలి.

కంపైలేషనే ఎర్రర్లతో ఆగిపోతే, నంపై 2.0లో తొలగించిన ఫంక్షన్లను ఆ సోర్స్ ఇంకా పిలుస్తూ ఉండవచ్చు. అటువంటప్పుడు రీబిల్డ్ వల్ల ప్రయోజనం లేదు. ప్యాకేజీకి కొత్త వర్షన్ వచ్చేదాకా నంపైని 1.26 దగ్గరే ఉంచుకోవడం మేలు.