వెనుక తలుపు దించితే ఇంధనం ఆదా అవుతుందా?

ప్రశ్న: పికప్ ట్రక్కును ఖాళీగా నడిపేటప్పుడు వెనుక తలుపు దించి ఉంచితే ఇంధనం కలిసివస్తుందంటారు. నిజమేనా?

జవాబు: చాలామంది నమ్మే మాటే గానీ, సాధారణంగా అలా జరగదు. తలుపు మూసి ఉన్నప్పుడు తొట్టిలో (వెనుక సరుకు వేసే భాగంలో) గాలి సుడి తిరుగుతూ నిలిచిపోవడం వల్ల, క్యాబిన్ మీదుగా వచ్చే గాలి దానిపై నుంచి జారిపోతుంది. తలుపు దించితే ఆ సుడి చెదిరిపోతుంది, కాబట్టి గాలి నిరోధం తగ్గదు. అసలు ఆదా వేగంలోనే ఉంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే విలువను) బట్టి పెరుగుతుంది కనుక, గంటకు 100 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గితే అది 64 శాతానికి దిగుతుంది. టైర్లలో గాలిని బండి కదలక ముందే, డ్రైవర్ తలుపు చట్రంపై అంటించిన చీటీలోని అంకె ప్రకారం సరిచూసుకోండి. టైరు పక్కగోడపై ముద్రించినది గరిష్ఠ పరిమితి మాత్రమే, దయచేసి దానిని కొలతగా తీసుకోవద్దు. తొట్టిలో అవసరం లేని బరువు ఉంటే దించేయండి.